తలుపులేసి దులిపిన గోతాలు

పేరమ్మ నోటికి ఆ పాలెంలో ఎదురు లేదు. మైపాడు నుంచి దక్షిణంగా ఇసుకలో నడిచి వస్తే, సముద్రానికీ కాలవకీ మధ్య ఇరుక్కుని కూర్చున్న పూరిళ్ళ పాలెం అది. మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళు చేపలు ఎండబెడతారు. పడవల దగ్గర మాట కులపెద్ద కాపుది, ఒడ్డున మాట పేరమ్మది. ఆమెను ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ గద్దె ఎక్కించలేదు. ఆమెతో వాదన పెట్టుకుని గెలిచిన ఆడది లేదు కాబట్టి పెద్ద అయి కూర్చుంది, అంతే.

నెత్తళ్ళూ సావిడాయిలూ లాంటి ఎండుచేపలు కొలంబో పోవాలంటే గోతాల్లో నింపి కుట్టాలి. కొత్త గోతాలు కొనే తాహతు ఎవడికుంది? మద్రాసులో సిమెంటు రేకులు చేసే ఫ్యాక్టరీ ఒకటుండేది. దానికి ఎక్కడో ఆఫ్రికా నుంచి ఓడల మీద రాతినార వచ్చేది. అది రాయేనట. పీచు తీస్తే దూదిలాగా వస్తుందట, పొయ్యిలో వేసినా కాలదట. ఆ నార వాడుకున్నాక ఖాళీ గోతాలను ఫ్యాక్టరీవాళ్ళు చవగ్గా అమ్మేసేవాళ్ళు. పద్మనాభయ్య అనే ఎండుచేపల వర్తకుడు వాటిని కాలవ మీద పడవలో తెప్పించి పాలెంలో దించేవాడు. పేరమ్మ కాపరానికొచ్చిన కొత్తలో మొదలైన పని అది. ఆమె మనవరాలిని ఎత్తుకునే నాటికీ సాగుతూనే ఉంది.

గోతాల లోపల నీలంగా నూగు అంటుకుని ఉండేది. తిరగేసి, కర్రతో బాది, దులిపితే గానీ చేపలు నింపడానికి పనికిరావు. మొదట్లో అందరూ బయటే దులిపేవాళ్ళు. సముద్రపు గాలికి ఆ నూగు లేచి ఎండబోసిన చేపల మీద వాలింది, కొలంబోలో సరుకు తిప్పికొట్టారు. పద్మనాభయ్య వచ్చి ఇసుకలో నిలబడి ఆడా మగా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టి పోయాడు. ఆ తిట్లు పేరమ్మకు కడుపులో మండాయి. ఆనాడే కట్టుబాటు పెట్టింది. గోతం బయట దులపకూడదు. ఇంట్లోకి తీసుకుపోయి, తలుపు గడియ పెట్టి, కింద సందులో తడిగుడ్డ కుక్కి అప్పుడు బాదాలి. ఎవరి చేపకైనా నూగు అంటిందో, ఆ ఇంటిదాని సంగతి తను చూసుకుంటుంది.

ఇక చూసుకోండి, ఆ పాలెం ఆడవాళ్ళ గొప్ప. మా చేపంత శుభ్రమైన చేప ఈ ఒడ్డున ఇంకోటి లేదని మైపాడు వాళ్ళ ముందు మూతులు తిప్పేవాళ్ళు. చేప శుభ్రంగానే ఉండేది మరి, కాదనను. శుభ్రం లేనిదల్లా ఇంట్లో ఉండేది. ఇంట్లో మనుషులను కొలంబో పంపరు కదా, వాళ్ళ మీద నూగు పడితే అడిగే నాథుడెవడు? బాది బయటికొచ్చిన ఆడది కనుబొమల దాకా నీలంగా ఉండేది. సముద్రంలో ఒక మునక వేస్తే పోయేది. చంటిపిల్లల్ని దులిపిన గోతాల దొంతర మీద పడుకోబెట్టేవాళ్ళు, మెత్తగా ఉంటుందని. పేరమ్మ కూతురు మస్తానమ్మ ఆ దొంతర మీదే బోర్లాపడింది, ఆ దొంతర పట్టుకునే లేచి నిలబడింది.

అరవై ఒకటో, అరవై రెండో, అప్పుడు వచ్చింది డాక్టర్ కరుణాకుమారి. నెల్లూరు క్రైస్తవుల పిల్ల, బడిపంతులు కూతురు. మద్రాసులో చదువుకుని నెల్లూరు ఆసుపత్రి ఒకదానిలో పనిచేసేది. ఈ తీరం నుంచి కొందరు ఆడవాళ్ళు ఆయాసంతో ఆమె దగ్గరికి వచ్చారు. అందరికీ క్షయ అని రాసి ఉంది, కళ్ళెలో మాత్రం క్షయ పురుగు లేదు. రొమ్ములో, ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తీస్తే నాలుగు రోజుల్లో మళ్ళీ ఊరేది. అలా ఊరి ఊరి చచ్చిపోయారు. ఇది క్షయ కాదని ఆమెకు మనసులో పీకుతూనే ఉంది. అంతలో వైద్యుల పత్రిక ఒకటి చేతికొచ్చింది. దక్షిణాఫ్రికాలో నీలం రాతినార తవ్వే చోట, ఊపిరితిత్తుల పైపొరకు అరుదైన రాచపుండు వస్తోందని అక్కడి డాక్టర్లు కనిపెట్టారు. తవ్వినవాళ్ళకే కాదు, ఆ చుట్టుపక్కల ఆడుకున్న పిల్లలకు కూడా, ఎన్నో ఏళ్ళు గడిచాక వస్తోందట. చనిపోయిన తన రోగుల్లో ఎక్కువమంది ఈ పాలెం వాళ్ళని ఆమెకు అప్పుడు తట్టింది. ఆ నార వచ్చిన గోతాల్లోనే ఇక్కడ చేపలు నింపుతారని వాకబు చేసి తెలుసుకుంది. గోతాలు వాడే పాలేలూ వాడని పాలేలూ తిరిగి, ఎక్కడ నూగు ఎగురుతుందో ఎక్కడ జబ్బు ఉందో పక్కపక్కన పెట్టి చూడాలనుకుంది. మంచి ఆలోచనే. జీపు వేసుకుని బయల్దేరింది.

జీపే కొంప ముంచింది. ఆ వారమే పద్మనాభయ్య వచ్చి, సర్కారు వాళ్ళు చేపలు తనిఖీ చేయడానికి వస్తున్నారు, ఎక్కడ మురికి కనిపించినా కొలంబో సరుకు ఆపేస్తారు అని చెప్పి పోయాడు. దూరాన జీపు కనిపించగానే పేరమ్మ ఒక కేక వేసింది. గోతాలన్నీ ఇళ్ళల్లోకి పోయాయి, తలుపులు పడ్డాయి. దిగినావిడ డాక్టరునని చెప్పినా, చేపలు చూడటానికి సర్కారు పంపిన డాక్టరే అనుకున్నారు.

డాక్టరమ్మ ఎండలో చెమటలు తుడుచుకుంటూ అడిగింది. "గోతాలు దులిపేటప్పుడు నూగు ఎగురుతుందా అమ్మా? దుమ్ము బాగా లేస్తుందా?"

"దుమ్మా? మా దగ్గరా?" అంది పేరమ్మ, నడుం మీద చేతులు పెట్టుకుని. "ఆ చేప మీద వేలు పెట్టి చూడమ్మా. ఏమన్నా అంటిందా? రవ్వంత నూగు కూడా ఎగరదు ఈడ. కావాలంటే ఎవుర్నన్నా అడుగు."

డాక్టరమ్మ నిజంగానే చేప మీద వేలు పెట్టి చూసింది. వేలు శుభ్రంగా ఉంది. పేరమ్మ చూపించిన ఇంటింటి ముందూ నిలబడి అందర్నీ అడిగింది. అందరిదీ ఒకటే మాట. ఈ పాలెం నుంచి వచ్చి చనిపోయినవాళ్ళ సంగతేమిటంటే, వాళ్ళకు క్షయమ్మా, మీ ఆసుపత్రోళ్ళే చెప్పినారు కదా అన్నారు. ఇన్ని చదువులు చదివిన తల్లి, ఆ మూసిన తలుపుల్లో ఒక్కటి తీయమని అడగలేదు. పట్టపగలు ఇన్ని తలుపులు ఎందుకు మూసి ఉన్నాయని కూడా ఆమెకు తోచలేదు. ఇచ్చిన మజ్జిగ తాగి, పోయొస్తానమ్మా అని చెప్పి జీపెక్కింది.

జీపు అటు పోగానే ఇటు నవ్వులే నవ్వులు. పేరమ్మ ఒక చేపను పట్టుకుని, దాని మీద వేలు పెట్టి, ఆ వేలును కళ్ళ దగ్గరికి తెచ్చుకుని డాక్టరమ్మలాగా చూసి చూపించింది. మస్తానమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

డాక్టరమ్మ పరిశోధన అక్కడే కుప్పకూలింది. జబ్బు ఎక్కువ ఉన్న పాలెంలో నూగే లేదట, బయట గాలికి దులుపుతూ, నూగు లేస్తుందని ఒప్పుకున్న పాలేల్లో జబ్బు లేదట. గోతాలకూ జబ్బుకూ సంబంధం లేదని ఆమె రాసిన కాగితమే చెబుతోంది. మద్రాసులో పెద్ద డాక్టర్లు, క్షయేనమ్మా, నువ్వు లేనిపోనిది ఊహించుకున్నావు అన్నారు. ఫ్యాక్టరీవాళ్ళ డాక్టరు మాత్రం ఆ కాగితాన్ని మెచ్చుకుని, తమకొక ప్రతి కావాలని అడిగి తీసుకున్నాడు.

తర్వాత నాలుగైదేళ్ళకు మస్తానమ్మకు ఆయాసం పట్టుకుంది. ముప్పై ఏళ్ళ మనిషి, తట్టెడు చేపలు నెత్తిన పెట్టుకుని మైపాడు దాకా ఆగకుండా నడిచే మనిషి, ఇంటి గడప దాటితే కూర్చుండిపోయేది. మొగుడు చిన్నపోలయ్య పోలేరమ్మకు మొక్కుకున్నాడు. నాటుమందు పోయించారు. రొమ్ము మీద వాతలు కూడా పెట్టించారు పాపం. ఏదీ పనిచేయక, ఆఖరికి బండి కట్టించుకుని నెల్లూరు తీసుకుపోయారు.

మస్తానమ్మ రొమ్ములో డాక్టర్ కరుణాకుమారి సూది పెట్టి నీరు తీసింది. ఆ నీటిని చూడగానే ఆమె మొహం మారిపోయింది. ఎక్స్‌రే తీయించింది, ఊపిరితిత్తి పైపొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. జవాబు వచ్చాక పేరమ్మను పక్కకు పిలిచి కూర్చోబెట్టింది.

"రాచపుండమ్మా. ఊపిరితిత్తుల పైన పొరకు వచ్చింది. మా చేతిలో ఏమీ లేదు. మీది ఏ ఊరు?"

పేరమ్మ ఊరి పేరు చెప్పింది. డాక్టరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. అప్పుడు ఇద్దరికీ ఒకరికొకరు గుర్తొచ్చారు.

"దీనికి మందు లేదా అమ్మా?"

"లేదు. ఇది ఆ రాతినార నూగు వల్ల వచ్చే జబ్బని నేను అనుకుంటున్నాను. కానీ మీ పాలెంలో నూగే లేదన్నారు కదా."

పేరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. తలుపు, గడియ, తడిగుడ్డ, నీలం నూగులో ఒకరి మొహం ఒకరికి కనిపించకపోవడం, దొంతర మీద పడుకున్న చంటిపిల్ల, ఏదీ దాచలేదు. డాక్టరమ్మ చేతిలో కలం అలాగే ఆగిపోయింది.

"నేను అప్పుడు అడిగాను కదమ్మా," అంది చివరికి.

"నువ్వు చేపల కోసం వచ్చినావనుకున్నానమ్మా."

"మనుషుల కోసం వచ్చాను."

పేరమ్మ నోరు అప్పుడు పడిపోయింది. అన్నేళ్ళలో అదే మొదటిసారి.

డాక్టరమ్మ ఊరుకోలేదు. పేరమ్మ చెప్పిందంతా పట్టుకుని మద్రాసు పోయింది. అక్కడ పెద్దలు నవ్వారు. జబ్బు రాకముందు నూగు లేదన్నవాళ్ళు, జబ్బు వచ్చాక ఉందంటే ఏది నమ్మాలమ్మా అన్నారు. ఫ్యాక్టరీ డాక్టరు ఆమె పాత కాగితాన్నే తీసి ఆమె ముందు పెట్టాడు. ఇక వాళ్ళ మాటలు చెల్లవు, చచ్చిపోయాక ఊపిరితిత్తి కోసి అందులో రాతినార చూపించు, అప్పుడు గోతాల అమ్మకం ఆపమని మేమే చెబుతాం అన్నారు.

పాలెంలో మాత్రం ఏం తక్కువ? పేరమ్మ ఇంటికి రాగానే, గోతాలు ముట్టుకోకండే, అదే నా బిడ్డను తినేస్తోంది అని ఇల్లిల్లూ తిరిగింది. మస్తానమ్మ ఎండిపోయి ఉండటం చూసి భయపడి కొందరు మానేశారు. కొందరు చెట్ల అవతల బయట దులిపారు. పద్మనాభయ్య వచ్చి, రుజువేదీ, మద్రాసు డాక్టర్లే క్షయ అంటుంటే ఈమె మాట ఏమిటి అన్నాడు. పక్కింటి పోలమ్మ పేరమ్మకు మరిది పెళ్ళాం. నలుగురు ఆడపిల్లల తల్లి, చెడ్డది కాదు. ఆమె ఉన్నమాటే చెప్పింది. "ఆ డాక్టరమ్మ రుజువు చూపిస్తే ఈ జన్మలో ముట్టుకోంలే అక్కా. అప్పటిదాకా చేపలు ఎందులో నింపమంటావు?"

అంతే, పేరమ్మకు అదే పట్టుకుంది. కూతురు దక్కదు. తన నోటితో పాతిపెట్టిన నిజాన్ని ఎలాగైనా పైకి తీయాలి, పోలమ్మ పిల్లలూ తన మనవరాలూ ఆ తలుపులేసిన గదుల్లోకి మళ్ళీ పోకుండా చూడాలి. అంతకు మించి ఆమెకు తిండి మీద, నిద్ర మీద ధ్యాస లేదు. డాక్టరమ్మ ఒకనాడు పాలెం వచ్చి, మస్తానమ్మ పోయాక రొమ్ము కోసి ఒక్క ముక్క తీసుకోనిస్తారా అని కళ్ళు దించుకుని అడిగింది. చిన్నపోలయ్య, అత్త ఎట్టా చెప్తే అట్టా అన్నాడు. అత్త కూతురి పక్కన కూర్చుని, తల నిమురుతూ, నసుగుతూ, ఎలాగో విషయం బయటపెట్టింది.

మస్తానమ్మ అప్పటికి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది, పడుకుంటే ఊపిరి ఆడదు. ఒక్కో మాటకూ ఆగి ఆగి చెప్పింది.

"నేను బాగున్నప్పుడు నీ నోటితో ఒక్క ముక్క చెప్పలేకపోయినావు. ఇప్పుడు నా రొమ్ము కోయించి దాని చేత చెప్పిస్తావా మా?"

"పిల్లల కోసం మే. నీ బిడ్డ కోసం."

"నా బిడ్డకు నువ్వే చెప్పుకో. నన్ను కొయ్యొద్దు. ఇన్నాళ్ళూ సూదులతో పొడిపించుకున్నా, చాలు. వొద్దు మా."

పది రోజులకు, మగవాళ్ళంతా వేట మీద ఉన్న పూట, మస్తానమ్మ గోడకు ఆనుకునే ప్రాణం వదిలింది. అల్లుడు వేట నుంచి తిరిగొచ్చేసరికి, కబురు తెలిసి డాక్టరమ్మ వచ్చి వేపచెట్టు కింద నిలబడింది. అడగలేదు. అల్లుడు అత్త మొహం వైపు చూశాడు. ఊ అంటే చాలు, అడ్డుపడేవాడు లేడు. పేరమ్మ తల అడ్డంగా ఊపింది. మస్తానమ్మను ఎలా ఉన్నదాన్ని అలా సాగనంపారు. ఆ ఒక్క మాటన్నా దక్కించుకోనీ బిడ్డను అనుకుంది ఆ తల్లి. తప్పని ఎవరు అంటారో అనండి, నేను అనను.

కర్మలు అయిపోయిన మర్నాడే ఆమె ఒంటరిగా నెల్లూరు ఆసుపత్రికి పోయింది.

"నన్ను కొయ్యమ్మా," అంది. "దాని కంటే ఎక్కువేళ్ళు బాదినదాన్ని నేను. కట్టుబాటు పెట్టిందాన్నీ నేనే. నా రొమ్ము నిండా అదే ఉంటాది. కోసి చూపించు వాళ్ళకి."

"బతికున్న మనిషిని ఎలా కోస్తానమ్మా," అంది డాక్టరమ్మ. కానీ ఆమెకూ ఒక ఆశ పుట్టింది. ఇన్నేళ్ళు నూగు పీల్చిన మనిషికి ఊపిరితిత్తుల్లో మచ్చలన్నా ఉండకపోవు. ఎక్స్‌రేలో కనిపిస్తే, నూగు లేదన్న మాట అబద్ధమని ఆ మచ్చలే చెబుతాయి. ఇక్కడ తీస్తే నమ్మరని, పేరమ్మను వెంటబెట్టుకుని మద్రాసు పెద్దాసుపత్రికే తీసుకుపోయింది. పోయేముందు పేరమ్మ పాలెంలో అందరికీ చెప్పింది. నా ఫోటో తీస్తారు, లోపల ఏముందో అందులో పడతాది, చూసి వచ్చి చెప్తా, అప్పుడన్నా నమ్మండి అని. అంతదాకా గోతాలు ముట్టుకోబోమని పోలమ్మ ఆమె చేతిలో చెయ్యేసి చెప్పింది.

రైలెక్కిన దగ్గర నుంచీ పేరమ్మ ఒకటే మొక్కుకుంది. తల్లీ పోలేరమ్మా, నా రొమ్ములో రోగం ఉండేట్టు చూడు. ఇలాంటి మొక్కు ఆ తల్లి ఎన్నడూ విని ఉండదు.

మద్రాసు డాక్టర్లు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూశారు. ముందు నుంచి తీసిందీ పక్క నుంచి తీసిందీ చూశారు, గొట్టం పెట్టి విన్నారు, పరిగెత్తించి విన్నారు. ఒక్క మచ్చ లేదు. ఫ్యాక్టరీ డాక్టరు లేచి వచ్చి పేరమ్మకు నమస్కారం పెట్టాడు. "ఇరవై ఏళ్ళ పిల్లకు కూడా ఇంత మంచి ఊపిరితిత్తులు ఉండవమ్మా. నువ్వు నూరేళ్ళు బతుకుతావు," అన్నాడు. ఆ ఎక్స్‌రే తమకొక ప్రతి కావాలన్నాడు.

వరండాలో పేరమ్మ డాక్టరమ్మ కొంగు పట్టుకుంది. "సరిగ్గా చూసినారా అమ్మా? ఇంకోసారి చూడమను. నాకు లేకుండా ఎట్టా పోతాది?"

"అది అందరికీ రాదమ్మా. ఒకే గదిలో ఉన్నా ఒకళ్ళకు వస్తుంది, ఒకళ్ళకు రాదు. ఎందుకో ఇంకా ఎవరికీ తెలియదు. నీకు రానంత మాత్రాన నూగు మంచిదని కాదు." డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది. "ఆ మాట నాకు తెలుసు, నీకు తెలుసు. అంతే మిగిలింది."

మైపాడులో బస్సు దిగి, పేరమ్మ ఇసుకలో ఒక్కతే నడిచింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నాకూ ఉందంటే ఏం పోయింది? లోపలంతా నీలంగా పట్టేసిందంట, నేను రేపో మాపో పోతానంట అంటే చాలు. పాలెం పాలెమంతా గోతాలు సముద్రంలో పారేస్తుంది. పద్మనాభయ్య తలకిందులుగా తపస్సు చేసినా ఒక్క ఆడది ముట్టుకోదు. ఒక్క అబద్ధం. కానీ ఒక్క అబద్ధమే కదా ఇంత పని చేసింది. చచ్చిపోయిన కూతురు గోడకు ఆనుకుని చూస్తున్నట్టే ఉంది ఆమెకు. ఇంకెన్నడూ నోట అబద్ధం రానివ్వనని కూతురి కాళ్ళు పట్టుకుని చెప్పుకుంది ఆమె, పాడె లేచే ముందు.

కాలవ ఒడ్డున ఆడవాళ్ళంతా కూడి ఉన్నారు. పద్మనాభయ్య పడవ అప్పుడే వచ్చి ఆగి ఉంది. దానిలో గోతాల కట్టలు ఉన్నాయి, ఎవరూ దించలేదు. ఇచ్చిన మాట ప్రకారం అందరూ ఆమె కోసమే కాచుకుని ఉన్నారు.

"ఏం పడిందక్కా ఫోటోలో?" అంది పోలమ్మ.

పేరమ్మ అందరి మొహాలూ చూసింది.

"నాకేం లేదంట," అంది.

పోలమ్మ వచ్చి ఆమెను వాటేసుకుని భోరుమని ఏడ్చేసింది. మస్తానమ్మ ఎట్టాగూ పోయె, నువ్వన్నా దక్కినావు అక్కా అంది. ఎవరో పోలేరమ్మకు కొబ్బరికాయ కొట్టి వచ్చారు. ఇంకెవరో ఆమె చేతికి కాఫీ నీళ్ళు ఇచ్చారు. అందరి మొహాల్లోకీ కళ వచ్చింది. వాళ్ళు పేరమ్మ కోసం సంతోషపడ్డారు, తమ కోసం అంతకన్నా ఎక్కువ సంతోషపడ్డారు. ఆమెకే ఏమీ కాలేదంటే తమకేం అవుతుంది?

"అది కాదే, వినండే," అంది పేరమ్మ. "అందరికీ రాదంట. కొందరికే వస్తాదంట. ఎవరికి వస్తాదో తెలీదంట. డాక్టరమ్మ చెప్పింది."

వినేవాళ్ళు లేరు. అప్పటికే ఇద్దరు పడవ ఎక్కి కట్టలు విప్పుతున్నారు. పోలమ్మ ఒక కట్ట నెత్తికెత్తుకుని వస్తుంటే పేరమ్మ అడ్డంపడి చెయ్యి పట్టుకుంది.

"నీకు దణ్ణం పెడతా, పిల్లల్ని చంపుకోవద్దు మే. నేను చెప్తా ఉండాను కదా. నా మాట నమ్మవా?"

పోలమ్మ ప్రేమగానే చెయ్యి విడిపించుకుంది. "నీ మాట నమ్మకుండా ఎట్టా ఉంటానక్కా? అబద్ధం చెప్పాలనుకుంటే నాకూ ఉందని చెప్పేదానివి కదా. ఉన్నది ఉన్నట్టు చెప్పినావు. అందుకే ధైర్యంగా పోతా ఉండా."